మీ ఫోన్‌లో బ్లూ డాట్‌ని నడిపేది ఎవరు? జీపీఎస్‌కి 24 గంటలూ కాపలా కాసే సైనిక యూనిట్ కథ ఇదీ

ఫోన్‌లో మ్యాప్ ఓపెన్ చేయగానే నీలం రంగు చుక్క ఒకటి కనిపిస్తుంది. క్యాబ్ బుక్ చేసినా, బిర్యానీ ఆర్డర్ పెట్టినా, ఊరికి కొత్తగా వచ్చిన చుట్టాలకు లొకేషన్ పంపినా.. మన పని నడిచేది ఆ చుక్క మీదే. అది ఎలా వస్తుందని అడిగితే చాలామంది చెప్పే సమాధానం ఒక్కటే. 'శాటిలైట్ నుంచి వస్తుంది.'

ఆ మాట నిజమే కానీ సగమే నిజం. ఆకాశంలో ఉన్న జీపీఎస్ ఉపగ్రహాలకు తాము ఎక్కడ ఉన్నాయో, తమ గడియారం ఎంత తప్పిందో ఎవరో ఒకరు రోజూ చెప్పాలి. చెప్పకపోతే రోజులు గడిచేకొద్దీ ఆ చుక్క దారి తప్పుతుంది. ఆ చెప్పే పని చేసేది అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఉన్న ఒక సైనిక యూనిట్. పేరు సెకండ్ స్పేస్ ఆపరేషన్స్ స్క్వాడ్రన్. అక్కడివాళ్లు ముద్దుగా '2 సాప్స్' అంటారు.

ఇంతకీ ఈ యూనిట్ ఎప్పుడు పుట్టింది? రోజంతా ఏం చేస్తుంది? అక్కడ చిన్న పొరపాటు జరిగితే ప్రపంచంలో ఏమవుతుంది? మన దేశానికి దీంతో సంబంధం ఏంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముఖ్యాంశాలు

- జీపీఎస్ ఉపగ్రహాలను నడిపేది ప్రైవేటు కంపెనీ కాదు. అమెరికా స్పేస్ ఫోర్స్‌లోని 2 సాప్స్ అనే స్క్వాడ్రన్.
- ఈ యూనిట్ 1985లో మొదలైంది. కొలరాడోలోని ష్రీవర్ స్థావరం నుంచి పనిచేస్తోంది.
- కక్ష్యలో 30కి పైగా ఉపగ్రహాలున్నాయి. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతున్నాయి.
- 2000 మే నెల వరకు సామాన్యులకు కావాలనే తప్పు కలిపిన సిగ్నల్ ఇచ్చేవారు.
- 2016లో సెకనులో లక్షో వంతు స్థాయి పొరపాటుకే కొన్ని దేశాల్లో టెలికాం పరికరాల్లో అలారాలు మోగాయి.

మొదలు ఎక్కడ?

కథ 1957లో మొదలైంది. సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించింది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ అప్లైడ్ ఫిజిక్స్ ల్యాబ్ సైంటిస్టులు ఆ బీప్ బీప్ శబ్దాన్ని విన్నారు. దగ్గరికి వచ్చే రైలు కూతకు, దూరంగా పోయే రైలు కూతకు తేడా ఉన్నట్టే ఆ సిగ్నల్‌లోనూ తేడా కనిపించింది. దాన్నిబట్టి ఉపగ్రహం ఎక్కడుందో లెక్క కట్టారు. తర్వాత అదే లెక్కను తిరగేశారు. ఉపగ్రహం ఎక్కడుందో తెలిస్తే, నేలమీద మనం ఎక్కడున్నామో తెలుసుకోవచ్చు కదా!

అలా పుట్టిందే ట్రాన్సిట్. అమెరికా నేవీ సబ్‌మెరైన్ల కోసం 1964 నుంచి దీన్ని వాడారు. కానీ ఒక చిక్కుంది. ఉపగ్రహం పైనుంచి పోయేదాకా ఎదురుచూడాలి. వేగంగా పోయే యుద్ధ విమానానికి అది పనికిరాదు.

నేవీలో రోజర్ ఈస్టన్ బృందం గడియారాలను ఆకాశంలోకి పంపే 'టైమేషన్' ప్రయోగాలు చేస్తుండగా, ఎయిర్‌ఫోర్స్ '621బీ' పేరుతో మరో ప్రాజెక్టు నడిపింది. 1973లో కల్నల్ బ్రాడ్‌ఫర్డ్ పార్కిన్సన్ నేతృత్వంలో ఈ ఆలోచనలన్నీ ఒక్కటయ్యాయి. ఆ ఏడాది డిసెంబర్‌లో ప్రాజెక్టుకు ఆమోదం దొరికింది. మొదటి జీపీఎస్ ఉపగ్రహం 1978 ఫిబ్రవరి 22న పైకి వెళ్లింది.

269 మంది ప్రాణాలు.. ఒక నిర్ణయం

జీపీఎస్‌ని మొదట తయారుచేసింది సైన్యం కోసమే. అది సామాన్యుల చేతికి రావడం వెనక ఒక విషాదం ఉంది.

1983 సెప్టెంబర్ 1. న్యూయార్క్ నుంచి అలాస్కా మీదుగా సియోల్ వెళ్తున్న కొరియన్ ఎయిర్‌లైన్స్ విమానం దారి తప్పింది. పైలెట్లకు తెలియకుండానే సోవియట్ గగనతలంలోకి వెళ్లిపోయింది. సఖాలిన్ దీవి దగ్గర సోవియట్ ఫైటర్ జెట్ దాన్ని కూల్చేసింది. విమానంలో ఉన్న 269 మందీ చనిపోయారు.

ఆ తర్వాత కొద్ది రోజులకే అప్పటి అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ ప్రభుత్వం ప్రకటన చేసింది. జీపీఎస్ సిద్ధమయ్యాక దాన్ని ప్రపంచంలోని పౌర విమానాలకు కూడా అందుబాటులో ఉంచుతామని చెప్పింది. ఇవాళ మనం ఫ్రీగా వాడుకుంటున్నది ఆ మాట పుణ్యమే.

1985: స్క్వాడ్రన్ పుట్టింది

ఉపగ్రహాలు పెరిగేకొద్దీ వాటిని చూసుకోవడానికి ఒక శాశ్వత యూనిట్ కావాల్సి వచ్చింది. తొలి రోజుల్లో కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ నుంచి తాత్కాలికంగా నడిపారు. కొలరాడో స్ప్రింగ్స్ నగరానికి తూర్పున, ఖాళీ మైదానాల మధ్య ఫాల్కన్ అనే కొత్త స్థావరం కట్టారు. అక్కడే 1985లో సెకండ్ శాటిలైట్ కంట్రోల్ స్క్వాడ్రన్ పేరుతో యూనిట్ మొదలైంది. 1992 జనవరిలో పేరు మారి ఇప్పుడున్న సెకండ్ స్పేస్ ఆపరేషన్స్ స్క్వాడ్రన్ అయ్యింది.

1998లో స్థావరం పేరు కూడా మారింది. అమెరికా ఖండాంతర క్షిపణి కార్యక్రమాన్ని నడిపించిన జనరల్ బెర్నార్డ్ ష్రీవర్ పేరు పెట్టారు. 2019 డిసెంబర్‌లో అమెరికా స్పేస్ ఫోర్స్ అనే కొత్త దళం ఏర్పడింది. దాంతో ఎయిర్‌ఫోర్స్‌లో ఉన్న ఈ యూనిట్ అందులోకి మారింది. 2020లో స్పేస్ డెల్టా 8 కిందికి, ఆ తర్వాత నావిగేషన్ కోసమే ఏర్పాటైన మిషన్ డెల్టా 31 కిందికి వచ్చింది.

బోర్డులు మారాయి, పై అధికారులు మారారు. పని మాత్రం అదే. 1985 నుంచి ఇప్పటిదాకా జీపీఎస్‌ని చూసుకోవడమే.

దీనికి తోడుగా 19వ స్పేస్ ఆపరేషన్స్ స్క్వాడ్రన్ అని ఎయిర్‌ఫోర్స్ రిజర్వ్ యూనిట్ కూడా పనిచేస్తూ వచ్చింది. రిజర్విస్టులు కూడా అవే సీట్లలో, అవే స్క్రీన్ల ముందు కూర్చుంటారు. రెగ్యులర్ సైనికులు కొన్నేళ్లకే బదిలీ అయి వెళ్లిపోతారు. రిజర్విస్టులు మాత్రం ఏళ్ల తరబడి అక్కడే ఉంటారు కాబట్టి పాత ఉపగ్రహాల తీరు వాళ్లకు బాగా తెలుసు.

అసలు జీపీఎస్ ఎలా పనిచేస్తుంది?

యూనిట్ పని అర్థం కావాలంటే ముందు ఇది తెలియాలి. సింపుల్‌గా చెప్పుకుందాం.

ప్రతి జీపీఎస్ ఉపగ్రహంలో పరమాణు గడియారాలు ఉంటాయి. ఉపగ్రహం ఆగకుండా రెండే రెండు మాటలు చెబుతుంటుంది. 'నేను ఇక్కడున్నాను. ఇప్పుడు టైమ్ ఇంత.' అంతే.

ఆ సిగ్నల్ కాంతి వేగంతో వస్తుంది. అంటే సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు. ఉపగ్రహం సరిగ్గా మన నెత్తిమీద ఉంటే సిగ్నల్ మన దగ్గరికి రావడానికి పట్టే సమయం సెకనులో పదిహేనో వంతు. ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి ఫోన్ దూరాన్ని లెక్కేస్తుంది. ఇలా కనీసం నాలుగు ఉపగ్రహాల దూరం తెలిస్తే మీరెక్కడున్నారో తేలిపోతుంది. మూడు సరిపోవా అంటే సరిపోవు. ఫోన్‌లో పరమాణు గడియారం ఉండదు. ఆ తప్పును సరిచేసుకోవడానికి నాలుగోది కావాలి.

ఇక్కడే అసలు మెలిక ఉంది. గడియారం సెకనులో పది లక్షల వంతు తప్పితే దూరం లెక్క 300 మీటర్లు తప్పుతుంది. అంటే అమీర్‌పేట మెట్రో స్టేషన్ దగ్గర నిలబడితే పక్క వీధిలో చూపిస్తుంది!

ఐన్‌స్టీన్ సిద్ధాంతం కూడా ఇక్కడ రోజువారీ లెక్కే. పైన గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి అక్కడి గడియారం మన గడియారం కంటే వేగంగా నడుస్తుంది. ఉపగ్రహం వేగం వల్ల కొంచెం నెమ్మదిస్తుంది. రెండూ కలిపితే రోజుకు సుమారు 38 మైక్రోసెకన్ల తేడా వస్తుంది. దీన్ని డిజైన్‌లోనే సరిచేశారు. లేదంటే దూరం లెక్క రోజుకు దాదాపు 10 కిలోమీటర్ల చొప్పున తప్పుతూ పోయేది.

ఆ గదిలో రోజంతా ఏం చేస్తారు?

ష్రీవర్‌లో ఉన్న గదిని మాస్టర్ కంట్రోల్ స్టేషన్ అంటారు. సెలవుల్లేవు, పండగల్లేవు. షిఫ్టుల వారీగా 24 గంటలూ మనుషులు ఉండాల్సిందే. సీట్లలో కూర్చునేవాళ్లలో చాలామంది ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లు, అమ్మాయిలే.

వాళ్ల పనిని నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు.

ఒకటి, వినడం. ప్రపంచవ్యాప్తంగా 16 మానిటరింగ్ స్టేషన్లు ఉన్నాయి. హవాయి, అసెన్షన్ దీవి, డియెగో గార్సియా, క్వాజలీన్ లాంటి చోట్ల ఉన్న స్టేషన్లు ఉపగ్రహాల సిగ్నల్‌ని అందుకుని ఆ డేటాను కొలరాడోకి పంపుతాయి. డియెగో గార్సియా అంటే మన హిందూ మహాసముద్రంలో ఉన్న దీవే.

రెండు, లెక్క కట్టడం. వచ్చిన డేటాతో ఒక్కో ఉపగ్రహం ఎక్కడుంది, ఇంకొన్ని గంటలకు ఎక్కడుంటుంది, దాని గడియారం ఎంత తప్పింది అని కంప్యూటర్లు అంచనా వేస్తాయి. సూర్యకాంతి తోపుకి కూడా ఉపగ్రహం కొంచెం జరుగుతుంది. అదీ లెక్కలోకి తీసుకోవాలి.

మూడు, పంపడం. ఆ అంచనాలను గ్రౌండ్ యాంటెన్నాల ద్వారా మళ్లీ ఉపగ్రహానికి ఎక్కిస్తారు. దీన్ని అప్‌లోడ్ అంటారు. సాధారణంగా ఒక్కో ఉపగ్రహానికి రోజుకు కనీసం ఒకసారి చేస్తారు. ఉపగ్రహం మన ఫోన్‌కి చెప్పే 'నేను ఇక్కడున్నాను' అనే మాట నిజానికి ఈ గదిలో రాసిందే!

నాలుగు, ఉపగ్రహం ఆరోగ్యం చూడటం. బ్యాటరీ ఎలా ఉంది, వేడి ఎంత, ఏ గడియారం మొండికేస్తోంది అని గమనిస్తారు. ఉపగ్రహాన్ని జరపాల్సి వస్తే ముందు దాన్ని 'వాడొద్దు' అని మార్క్ చేస్తారు. ఆ సమాచారాన్ని నోటీసుగా ప్రపంచానికి తెలియజేస్తారు. పని అయ్యాక మళ్లీ లైన్లోకి తెస్తారు.

ష్రీవర్‌లో ఏదైనా విపత్తు వస్తే? అందుకే కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్‌లో ప్రత్యామ్నాయ కంట్రోల్ స్టేషన్‌ని సిద్ధంగా ఉంచారు.

ఇంకో విషయం. జీపీఎస్ ఉపగ్రహాలకు బయటికి పెద్దగా కనిపించని మరో డ్యూటీ ఉంది. భూమ్మీద ఎక్కడైనా అణు పేలుడు జరిగితే పసిగట్టే పరికరాలు కూడా వాటిలో ఉన్నాయి. ఇది సైనిక యూనిట్ చేతిలో ఎందుకుందో దీన్నిబట్టి కూడా అర్థం చేసుకోవచ్చు.

7 ఏళ్లని పంపితే 25 ఏళ్లు పనిచేసింది

ఉపగ్రహాన్ని జాగ్రత్తగా చూసుకుంటే ఎలా ఉంటుందో చెప్పడానికి ఎస్‌వీఎన్-23 మంచి ఉదాహరణ. దాన్ని 1990 నవంబర్‌లో ప్రయోగించారు. ఆ రకం ఉపగ్రహాల డిజైన్ ఆయుష్షు ఏడున్నరేళ్లు. కానీ అది 2016 జనవరి దాకా లిస్టులో ఉంది. పాతికేళ్లు!

అయితే అదే ఉపగ్రహం వెళ్తూ వెళ్తూ ఒక పెద్ద పాఠం నేర్పి వెళ్లింది.

2016 జనవరి 26: 13 మైక్రోసెకన్ల తలనొప్పి

ఆ రోజు ఎస్‌వీఎన్-23ని వ్యవస్థ నుంచి తొలగించారు. అందరికంటే పాత ఉపగ్రహాన్ని తీసేయడంతో నేలమీది సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఒక లోపం బయటపడింది. జీపీఎస్ టైమ్‌కి, అంతర్జాతీయ ప్రామాణిక సమయానికి మధ్య తేడా చెప్పే చిన్న డేటా తప్పుగా వెళ్లింది. 15 ఉపగ్రహాలు ఆ తప్పును ప్రపంచమంతా ప్రసారం చేశాయి. తేడా ఎంత? సుమారు 13 మైక్రోసెకన్లు. అంటే సెకనును పది లక్షల ముక్కలు చేస్తే అందులో 13 ముక్కలు.

అదృష్టవశాత్తూ మ్యాప్‌లు తప్పలేదు. ఎందుకంటే లొకేషన్ లెక్కకు ఆ డేటా అవసరం లేదు. కానీ జీపీఎస్‌ని గడియారంగా వాడేవాళ్లకు చుక్కలు కనిపించాయి. టెలికాం పరికరాల్లో అలారాలు మోగాయి. బ్రిటన్‌లో డిజిటల్ రేడియో ప్రసారాలకు ఇబ్బంది కలిగింది. కొన్ని గంటల తర్వాత గానీ అంతా సర్దుకోలేదు. లోపం తమ గ్రౌండ్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉందని అమెరికా ఎయిర్‌ఫోర్స్ ఒప్పుకుంది.

టెలికాం వాళ్లకు జీపీఎస్‌తో ఏం పని అనుకుంటున్నారా? అక్కడే చాలామందికి తెలియని విషయం ఉంది. జీపీఎస్ అంటే మ్యాప్ మాత్రమే కాదు. అది ప్రపంచంలో అందరూ వాడే ఫ్రీ గడియారం. మొబైల్ టవర్లు ఒకదానితో ఒకటి టైమ్ కలుపుకోవడానికి, కరెంటు గ్రిడ్‌లో తేడా ఎక్కడ వచ్చిందో పట్టడానికి, స్టాక్ మార్కెట్ లావాదేవీలకు టైమ్ ముద్ర వేయడానికి ఈ గడియారమే వాడతారు. అమెరికా నేవల్ అబ్జర్వేటరీకి చెందిన ప్రత్యామ్నాయ మాస్టర్ క్లాక్ కూడా ష్రీవర్ స్థావరంలోనే ఉంది.

2010 జనవరిలోనూ ఇలాంటిదే జరిగింది. గ్రౌండ్ సిస్టమ్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ వేశాక అమెరికా సైన్యం వాడే ఒక రకం రిసీవర్లు మొరాయించాయి. దాదాపు 10,000 దాకా పరికరాలపై ప్రభావం పడిందని అప్పట్లో వార్తలొచ్చాయి.

ఇది అమెరికాకే పరిమితమా?

కాదు. మిగతా దేశాలకూ ఇదే అనుభవం.

రష్యాకు గ్లోనాస్ ఉంది. 2014 ఏప్రిల్ 1, 2 తేదీల్లో నేలమీద నుంచి తప్పుడు కక్ష్య డేటా ఎక్కించడంతో దాదాపు 11 గంటలపాటు ఆ వ్యవస్థ మొత్తం తప్పుడు సమాచారం ఇచ్చింది. యూరప్‌కు గెలీలియో ఉంది. 2019 జులైలో గ్రౌండ్ వ్యవస్థలో సమస్య వచ్చి వారం రోజుల దాకా సేవలు ఆగిపోయాయి.

రెండు సందర్భాల్లోనూ ఉపగ్రహాలు నిక్షేపంగా తిరుగుతూనే ఉన్నాయి. దెబ్బ తిన్నది నేలమీది గది. రాకెట్ ఎగిరినప్పుడు అందరం చప్పట్లు కొడతాం. కానీ నావిగేషన్ వ్యవస్థ నిలబడేది, పడిపోయేది ఆ తర్వాత రోజూ జరిగే ఈ కనిపించని డ్యూటీ మీదే.

సామాన్యులకు తప్పుడు సిగ్నల్.. ఎందుకు?

ఈ వ్యవస్థ ఎవరి చేతిలో ఉందనేది ఎంత ముఖ్యమో చెప్పే ఘట్టం ఇది.

జీపీఎస్ సామాన్యులకు ఇస్తే శత్రువులు కూడా వాడుకుంటారు కదా అనేది అమెరికా సైన్యం భయం. అందుకే 1990 మార్చిలో 'సెలెక్టివ్ అవైలబిలిటీ' అనే పద్ధతి మొదలుపెట్టారు. పౌరుల సిగ్నల్‌లో కావాలనే తప్పు కలిపేవారు. దాంతో లొకేషన్ 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. సైన్యానికి మాత్రం కోడ్ చేసిన అసలు సిగ్నల్ వెళ్లేది.

తమాషా ఏంటంటే, కొద్ది నెలలకే దాన్ని వాళ్లే ఆపాల్సి వచ్చింది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించింది. ఎడారిలో గుర్తులేమీ ఉండవు. అమెరికా సైనికుల దగ్గర సైనిక రిసీవర్లు చాలినన్ని లేవు. మార్కెట్లో దొరికే సివిలియన్ రిసీవర్లు కొని వాడారు. ఇంటివాళ్లతో పోస్టులో తెప్పించుకున్నవాళ్లూ ఉన్నారు. దాంతో తప్పు కలపడం ఆపేశారు. యుద్ధం ముగిశాక 1991 జులైలో మళ్లీ ఆన్ చేశారు.

వ్యవస్థ పూర్తిస్థాయిలో సిద్ధమైనట్టు 1995లో ప్రకటించారు. ఆ తర్వాత కూడా ఈ తిరకాసు కొనసాగింది. చివరికి 2000 మే 1 అర్ధరాత్రి అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆదేశంతో దాన్ని ఆపేశారు. ఆ కమాండ్ ఉపగ్రహాలకు వెళ్లింది కొలరాడోలోని ఈ కంట్రోల్ స్టేషన్ నుంచే. ఒక్క రాత్రిలో ప్రపంచంలోని ప్రతి పౌర రిసీవర్ కచ్చితత్వం ఎన్నో రెట్లు పెరిగింది. వాడేవాళ్లు కొత్త పరికరం కొననే లేదు!

ఇవాళ ఆకాశం బాగా కనిపించే చోట మామూలు స్మార్ట్‌ఫోన్ దాదాపు 5 మీటర్ల లోపు తేడాతో లొకేషన్ చూపిస్తుంది. కొత్త తరం ఉపగ్రహాల్లో ఆ తప్పు కలిపే సదుపాయమే ఉండదని 2007లో అమెరికా ప్రకటించింది. అలాగని అమెరికా చేతులు కట్టేసుకోలేదు. అవసరమైతే ఒక ప్రాంతంలో మాత్రమే పౌర సిగ్నల్ అందకుండా చేయగలమని క్లింటన్ ప్రకటన నాడే చెప్పారు.

మరి ఇండియా సంగతేంటి?

1999లో కార్గిల్ యుద్ధం జరిగినప్పుడు పౌర సిగ్నల్‌లో తప్పు కలపడం ఇంకా ఆన్‌లోనే ఉంది. మంచుకొండల మీద 100 మీటర్ల తేడా అంటే ఒక లోయ తేడా. వేరే దేశం సైన్యం చేతిలో ఉన్న వ్యవస్థ మీద ఆధారపడితే ఏమవుతుందో మన రక్షణ వర్గాలకు అర్థమైంది.

ఆ తర్వాత భారత్ సొంత నావిగేషన్ వ్యవస్థ వైపు అడుగులు వేసింది. 2013 జులై 1న ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏ ఉపగ్రహం ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుంచి ఎగిరింది. 2016 ఏప్రిల్‌లో ఏడోది కక్ష్యలోకి చేరాక ప్రధాని నరేంద్ర మోదీ దీనికి 'నావిక్' అని పేరు పెట్టారు. ఇది భారత్‌తో పాటు మన సరిహద్దుల నుంచి 1,500 కిలోమీటర్ల దాకా పనిచేసేలా రూపొందించారు. కొలరాడోలో 2 సాప్స్ చేసే లెక్కల పనిని మన దగ్గర బెంగళూరు సమీపంలోని బ్యాలాలులో ఉన్న ఇస్రో నావిగేషన్ సెంటర్ చేస్తుంది. తేడా ఏంటంటే, అక్కడ నడిపేది సైన్యం. ఇక్కడ ఇస్రో.

కానీ దారి సాఫీగా లేదు. ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏలో ఉన్న మూడు విదేశీ పరమాణు గడియారాలూ పాడయ్యాయి. గడియారం పోతే నావిగేషన్ ఉపగ్రహం పని అయిపోయినట్టే. 2017 ఆగస్టులో ప్రయోగించిన 1హెచ్ రాకెట్ కవచం విడిపోక విఫలమైంది. 2023 మే 29న స్వదేశీ పరమాణు గడియారంతో ఎన్‌వీఎస్-01 విజయవంతంగా వెళ్లింది. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి ఇస్రో 100వ ప్రయోగంగా ఎన్‌వీఎస్-02 ఎగిరింది. రాకెట్ తన పని తాను చేసింది. కానీ ఉపగ్రహంలో సమస్య వల్ల అనుకున్న కక్ష్యకు చేర్చలేకపోయారు.

సొంత వ్యవస్థ అంటే ఉపగ్రహాలు పంపడంతో అయిపోదు. గడియారాలు, స్పేర్లు, రాత్రీపగలూ కాపలా.. అన్నీ కలిస్తేనే. అమెరికాకు ఇది అలవాటు కావడానికి దశాబ్దాలు పట్టింది.

జామింగ్, స్పూఫింగ్: కొత్త తలనొప్పి

20,200 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చేసరికి జీపీఎస్ సిగ్నల్ చాలా బలహీనంగా ఉంటుంది. దగ్గర్లో అదే ఫ్రీక్వెన్సీలో గట్టిగా శబ్దం చేస్తే ఇది మునిగిపోతుంది. దీన్ని జామింగ్ అంటారు. అసలు సిగ్నల్‌లాగే నకిలీ సిగ్నల్ పంపి రిసీవర్‌ని మోసం చేయడం స్పూఫింగ్.

ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక యూరప్‌లో, పశ్చిమాసియాలో ఇవి బాగా పెరిగాయి. మన దేశానికీ ఆ సెగ తగిలింది. 2025 నవంబర్‌లో ఢిల్లీ విమానాశ్రయం పరిసరాల్లో కొన్ని విమానాలు జీపీఎస్ స్పూఫింగ్ ఎదుర్కొన్నాయని పౌర విమానయాన మంత్రి, శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు పార్లమెంట్‌లో చెప్పారు. ప్రత్యామ్నాయ విధానాలతో విమానాలను దించారు.

ఇలాంటి దాడి నేలమీద రిసీవర్ దగ్గర జరుగుతుంది. ఉపగ్రహానికి ఏమీ కాదు. కాబట్టి కొలరాడోలో కూర్చున్నవాళ్లు అక్కడి నుంచి దాన్ని ఆపలేరు. తమ సైన్యం కోసం 'ఎం-కోడ్' అనే బలమైన సిగ్నల్‌ని తెచ్చారు. కొత్త తరం జీపీఎస్-3 ఉపగ్రహాల్లో మొదటిది 2018 డిసెంబర్‌లో వెళ్లింది. పౌరులకు కూడా ఎల్5 అనే అదనపు సిగ్నల్ వస్తోంది.

ఉపగ్రహాలు మారినంత సులువుగా నేలమీది కంప్యూటర్లు మారట్లేదు. 1970ల నాటి డిజైన్‌తో ఉన్న మెయిన్‌ఫ్రేమ్‌ని 2007లో మార్చారు. దాని తర్వాతి తరం కంట్రోల్ సిస్టమ్ కోసం 2010లోనే కాంట్రాక్ట్ ఇచ్చారు. అది ఏళ్ల తరబడి ఆలస్యమైంది. నడుస్తున్న బస్సుకి ఆపకుండా ఇంజిన్ మార్చడం లాంటి పని అది.

మీ డౌట్లు.. మా సమాధానాలు

2 సాప్స్‌కి నేను ఎక్కడున్నానో తెలుస్తుందా?
తెలియదు. జీపీఎస్ రేడియో లాంటిది. ఉపగ్రహం మాట్లాడుతుంది, ఫోన్ వింటుంది. ఫోన్ తిరిగి ఉపగ్రహానికి ఏమీ పంపదు. మీ లొకేషన్ బయటికి వెళ్తుందంటే అది మీ ఫోన్‌లోని యాప్‌లు ఇంటర్నెట్ ద్వారా పంపితేనే. ఎందుకైనా మంచిది, ఏ యాప్‌కి లొకేషన్ పర్మిషన్ ఇచ్చారో ఒకసారి చూసుకోండి.

జీపీఎస్‌కి ఇంటర్నెట్ కావాలా?
లొకేషన్ కనుక్కోవడానికి అక్కర్లేదు. మ్యాప్ బొమ్మ లోడ్ అవడానికి, త్వరగా సిగ్నల్ దొరకడానికి నెట్ ఉపయోగపడుతుంది. ముందే మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేని అడవిలో కూడా చుక్క పనిచేస్తుంది.

ఫోన్ ఒక్క జీపీఎస్‌నే వాడుతుందా?
ఇప్పటి ఫోన్లు చాలావరకు గ్లోనాస్, గెలీలియో, చైనా బైడూ సిగ్నళ్లను కూడా కలిపి వాడతాయి. కొన్ని మోడళ్లు మన నావిక్‌ని కూడా అందుకుంటాయి. ఒకటి తప్పినా మిగతావి ఆదుకుంటాయి.

జీపీఎస్‌కి డబ్బులు ఎవరు కడతారు?
అమెరికా పన్ను చెల్లింపుదారులు. వాడుకునే మనకు చార్జీ లేదు.

టైమ్‌లైన్: ఏ ఏడాది ఏం జరిగింది?

1973: జీపీఎస్ ప్రాజెక్టుకు ఆమోదం
1978: మొదటి ఉపగ్రహ ప్రయోగం
1983: కొరియన్ విమానం కూల్చివేత, పౌరులకు జీపీఎస్ ఇస్తామని ప్రకటన
1985: ఫాల్కన్ స్థావరంలో స్క్వాడ్రన్ ప్రారంభం
1990: పౌర సిగ్నల్‌లో తప్పు కలపడం మొదలు
1992: 2 సాప్స్‌గా పేరు మార్పు
1995: పూర్తిస్థాయి సేవల ప్రకటన
2000: తప్పు కలపడం ఆపేశారు
2016: 13 మైక్రోసెకన్ల పొరపాటు. ఇండియాలో 'నావిక్' నామకరణం
2019: అమెరికా స్పేస్ ఫోర్స్ ఏర్పాటు
2023: స్వదేశీ పరమాణు గడియారంతో ఎన్‌వీఎస్-01

చివరిగా..

రోడ్డు మీద ట్రాఫిక్ పోలీసు ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోరు. లేనప్పుడే తెలుస్తుంది. 2 సాప్స్ సంగతీ అంతే. దాని పని బాగా జరిగిన రోజున ఆ పేరు ఎవరికీ వినిపించదు. కానీ మన అంబులెన్సుకు దారి చూపే చుక్క, మన మొబైల్ టవర్ టైమ్, విశాఖ, కాకినాడ తీరాల నుంచి వేటకు వెళ్లే బోట్ల దిక్కు.. వీటన్నిటి వెనక వేల మైళ్ల దూరంలో, వేరే దేశం సైన్యం గదిలో నైట్ డ్యూటీ చేస్తున్న ఒక చిన్న టీమ్ ఉంది. నావిక్ నిలదొక్కుకోవడం మన దేశానికి ఎందుకు అవసరమో చెప్పడానికి ఈ ఒక్క మాట చాలు.